ఫాల్కన్ 4.0లో స్విచ్‌లన్నీ ఉన్నాయి సరే, మనుషులు ఏరి?

పల్నాటి_పైలట్
మూడు రోజులుగా ఫాల్కన్ 4.0 పట్టుకుని కూర్చున్నాను, ఎఫ్-16 యుద్ధవిమానం నడిపే కంప్యూటర్ గేమ్ అది. సేల్‌లో పాత గేమ్ కొని, ఇక్కడ అందరూ చెప్పినట్టే దానిమీద బీఎంఎస్, అంటే అభిమానులు దాన్ని బాగుచేసి తెచ్చిన రూపం, ఎక్కించాను. మొదటి రోజంతా కీబోర్డు సెట్టింగులకే సరిపోయింది. రెండో రోజు ఇంజిన్ స్టార్టయింది. మూడో రోజు రాత్రి పదకొండున్నరకి దక్షిణ కొరియాలోని కున్సాన్ నుంచి గాల్లోకి లేచాను. ఇరవై నిమిషాలు ఉత్తరంగా పోయి, కింద చీమల్లా ఉన్న నాలుగు ట్యాంకుల మీద బాంబులు పడేసి, తిరిగొచ్చే దారిలో దేనికి తగిలి పోయానో కూడా తెలియకుండా పోయాను. ఆ తర్వాత కరెంటు బిల్లు లాంటి రిపోర్టు ఒకటి వచ్చింది. ఎన్ని బాంబులు వేశాను, ఎన్ని తగిలాయి, పైలట్ చనిపోయాడు. అంతే.

చిన్నప్పుడు నరసరావుపేటలో మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర స్ట్రైక్ కమాండర్ ఆడేవాణ్ణి. 1993 గేమ్, అదీ ఎఫ్-16దే. మనది కిరాయి స్క్వాడ్రన్. వింగ్‌మన్‌లకి, అంటే మన పక్కన ఎగిరే తోటి పైలట్లకి, మొహాలుంటాయి, మాటలుంటాయి. మిసైల్ కావాలంటే స్క్వాడ్రన్ డబ్బుతో కొనాలి, అందుకని ఒక్కోటి వదిలినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. ఎగరడం మాత్రం, ఒప్పుకుంటాను, బొమ్మ విమానమే. కానీ ముప్పై ఏళ్ల తర్వాత కూడా నాకు గుర్తున్నది అదే. ఈ ఫాల్కన్‌లో మూడు రోజుల్లో గుర్తుండేది ఒక్కటీ జరగలేదు. నాదే తప్పా, లేక రియలిజం పేరుతో మనమంతా ఎక్సెల్ షీటుకి రెక్కలు కట్టి ఎగరేస్తున్నామా?

బటన్_బాబాయ్
మూడు రోజులకే తీర్పు చెప్పేశావా తమ్ముడూ. ఈ గేమ్‌తో పాటు వచ్చిన మాన్యువల్ దాదాపు 600 పేజీలు. నేను ఆరు నెలలు చదివాను.

ముక్కుసూటి
గ్రూప్ వన్‌కి చదివుంటే ఈపాటికి ఆర్డీవో అయ్యేవాడివి బాబాయ్.

బటన్_బాబాయ్
మా ఆవిడ కూడా అదే అంది.

చిట్టిబాబు_486
స్ట్రైక్ కమాండర్ పేరు వినగానే కళ్లు చెమ్మగిల్లాయి. ఒక విచిత్రం గమనించారా, ఆ గేమ్ కథ జరిగేది 2011లో. ఇప్పుడు మనమంతా ఆడే బీఎంఎస్ రూపంలో ఫాల్కన్ తిరిగి లేచి కూర్చుంది కూడా 2011లోనే, 4.32తో. అంటే వాళ్లు ఊహించిన సంవత్సరానికి ఎఫ్-16 గేమ్ వచ్చింది కానీ మొహాలు మాత్రం మాయమయ్యాయి.

ఆరుగంటల_సుజాత
పల్నాటి గారూ, చనిపోయే ముందు కుడివైపో ఎడమవైపో ఉండే గుండ్రటి చిన్న తెర మీద ఏదైనా కనిపించిందా? ఏదైనా శబ్దం వచ్చిందా?

పల్నాటి_పైలట్
వచ్చింది మేడం. కీచుమని ఏదో మోగింది. తెర మీద 2 అని అంకె వచ్చింది. రెండో వేపాయింట్, అదే దారిలో గుర్తు పెట్టిన చోటు, దగ్గరికొచ్చానేమో అనుకున్నాను.

ముక్కుసూటి
😂😂😂

లాంగ్‌ఫైనల్_రాజు
ఈ పోస్టుని ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించాలి.

ఆరుగంటల_సుజాత
నవ్వకండి, నేను మొదట్లో దాన్ని గడియారం అనుకున్నాను. పల్నాటి గారూ, అది ఆర్‌డబ్ల్యూఆర్. మన మీద ఎవరి రాడార్ పడుతోందో చెప్పే తెర. 2 అంటే ఎస్ఏ-2, రష్యా వాళ్ల పాత క్షిపణి. కీచుమనే మోత అంటే మీ మీదకి వదిలేశాడని అర్థం. టెలిఫోన్ స్తంభమంత ఉంటుంది. పగలైతే మెడ తిప్పి చూస్తే పొగ గీత కూడా కనపడేది.

బటన్_బాబాయ్
ఇదీ నేను చెప్పేది. కథ లేదు కథ లేదు అంటున్నాడు. కథంతా ఆ గుండ్రటి తెర మీదే నడిచింది. శత్రువు నిన్ను చూశాడు, గురి పెట్టాడు, వదిలాడు. మూడు అంకాల నాటకం. నీకు అక్షరాలు రాక లేచి వచ్చేశావు.

ముక్కుసూటి
బాబాయ్, చదువురాని వాడి చేతిలో పుస్తకం పెట్టి కథ బ్రహ్మాండంగా ఉంది కదూ అంటే ఎట్లా? అక్షరాలు నేర్పే బాధ్యత కూడా గేమ్ చేసినవాడిదే. అదే ప్రెజెంటేషన్ అంటే. బొమ్మలు, పాటలు మాత్రమే కాదు. ఏం జరుగుతోందో ఆడేవాడికి అందేలా చెప్పడం. ఫాల్కన్‌లో జరిగేవి వంద, అందేవి పది.

ఫోర్ట్‌వర్త్_బుజ్జి
ముక్కుసూటి అన్నదాంతో సగం ఏకీభవిస్తాను. కానీ నిజం విమానంలో కూడా 2 అనే వస్తుంది కదా. పక్కన పెద్ద అక్షరాలతో పారిపో నాయనా అని రాదు. దాన్ని సులువు చేస్తే ఇంకో గేమ్ అయిపోతుంది.

చిట్టిబాబు_486
పాత సంగతి ఒకటి చెప్తాను. దీని అన్నయ్య ఫాల్కన్ 3.0, 1991. అందులో అసలైన ఫ్లైట్ మోడల్, అంటే విమానం ఎగిరే తీరు లెక్క, కావాలంటే కంప్యూటర్‌లో లెక్కల చిప్ విడిగా ఉండాలి, 387 అనేవాళ్లం. ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్లో ఆ చిప్ ఎవరికుంది? మా బావ ఆఫీసులో ఆటోక్యాడ్ కోసం వేయించిన మెషిన్లో ఉండేది. ఆదివారం తాళం తీయించుకుని వెళ్లేవాళ్లం. తెర మీద కనిపించేది మాత్రం ఆకుపచ్చ నేల, దాని మీద పలకల్లాంటి కొండలు. అంటే ఈ ఫాల్కన్ వంశమే అంత. డబ్బుంటే బొమ్మ మీద కాదు, లెక్క మీద పెట్టే ఇల్లు.

సాయంత్రం_సార్టీ
మీరంతా 1998 నాటి గేమ్‌నీ ఇప్పటి బీఎంఎస్‌నీ కలిపి మాట్లాడుతున్నారు. రెండూ వేరు. అసలుది 1998 డిసెంబర్‌లో వచ్చింది. బగ్గుల పుట్ట. పాచ్ మీద పాచ్ వేసి 1.08 దాకా లాక్కొచ్చారు. 1999 చివర్లో ఆ టీమ్‌నే ఇంటికి పంపేశారు. 2000 ఏప్రిల్‌లో సోర్స్ కోడ్ బయటికి పొక్కింది. అక్కణ్ణుంచి దాన్ని బతికించింది అభిమానులే. పల్నాటి గారి ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ కనిపిస్తోంది. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని కోడ్ రాసేవాడు ఎవడు? రాడార్ అంటే పిచ్చి ఉన్నవాడు. వాడు రాడార్‌నే బాగు చేస్తాడు. ఇరవై ఐదేళ్లలో ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలు, ఆకాశానికెక్కింది, ఫ్లైట్ మోడల్ ఎక్కింది, గ్రాఫిక్స్ కూడా చాలా మారింది, 2022లో 4.37తో వీఆర్ కూడా వచ్చింది. కానీ వింగ్‌మన్‌కి మొహం గీసి, నలుగురు నటుల్ని పిలిచి గొంతులు పెట్టించి, కథ రాయించే వాడెవడు? ఆ పనికి డబ్బు కావాలి, దర్శకుడు కావాలి.

బటన్_బాబాయ్
సార్టీ మాట నిజం. ఇంకోటి, కథ రాయలేరు కూడా. ఇందులో కాంపెయిన్ ముందే రాసిపెట్టింది కాదు. కొరియా మొత్తం మీద యుద్ధం దాని పాటికి అది నడుస్తుంది. నువ్వు ఎగిరినా సరే, మంచం మీద పడుకున్నా సరే. నాలుగో రోజు ఎవడు బతికుంటాడో గేమ్‌కే తెలియనప్పుడు, నాలుగో రోజు వాడు చెప్పే డైలాగు ఎవరు రాస్తారు? స్ట్రైక్ కమాండర్ రెండోసారి ఆడి చూడు. అదే మాట, అదే జోకు, అదే చావు.

ఆరుగంటల_సుజాత
నేను టైగర్ స్పిరిట్ కాంపెయిన్‌లో మూడో రోజు ఒక వంతెన కొట్టాను. పెద్ద మిషనేం కాదు, రెండు విమానాలు. ఒక బాంబు పక్కన నీళ్లలో పడింది, ఒకటి తగిలింది. వచ్చి దిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పల్నాటి గారు చెప్పినట్టు అదే కరెంటు బిల్లు. పిల్లకి అన్నం పెట్టి, నిద్రపుచ్చి, మళ్లీ వచ్చి మ్యాప్ తెరిచి గడియారం ముందుకి నడిపాను. అంతకుముందు దాకా దక్షిణంగా జరుగుతూ వచ్చిన ఎర్ర గుర్తులు రెండు ఆ నది దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఆగిపోయి ఉన్నాయి అంతే. ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను కుర్చీలోంచి లేచి గదిలో నడిచాను. మా ఆయన ఏమైంది అంటే చెప్పడం చేతకాలేదు.

ఇది మాత్రం ఏ మొహాలున్న గేమ్‌లోనూ నాకు రాలేదు.

పల్నాటి_పైలట్
మేడం ఇది చదివాక కొంచెం సిగ్గేసింది. నేను ఆ మ్యాప్‌ని బాంబు ఎక్కడ వేయాలో చూసుకోవడానికి తప్ప తెరవలేదు.

ముక్కుసూటి
సుజాత గారూ, బాగుంది కానీ మీ గుండె పాడు చేస్తాను, క్షమించండి. ఆ ఎర్ర గుర్తుల దగ్గర అప్పుడు ట్యాంకులే లేవు. ఫాల్కన్‌లో మీ విమానం చుట్టూ కొంత దూరం వరకే అన్నీ విడివిడిగా ఉంటాయి, బబుల్ అంటారు. దాని అవతల ఒక బెటాలియన్ అంటే ఒక గుర్తు, ఒక అంకె. వాళ్ల యుద్ధం పాచికల లెక్క. మీరు దగ్గరికెళ్తే అప్పుడు ఆ గుర్తు ట్యాంకులుగా విచ్చుకుంటుంది. మీరు మళ్లీ వెళ్లిపోతే ముడుచుకుంటుంది. అంటే బాబాయ్ గొప్పగా చెప్పే ఆ నిజమైన యుద్ధం కూడా ఒక రకం స్టేజి సెట్టింగే. ప్రేక్షకుడు చూసే వైపే రంగు వేశారు.

బటన్_బాబాయ్
పెంటియం రోజుల్లో కొరియా మొత్తం విడివిడిగా లెక్కేయమంటే ఆ మెషిన్ పొగలొచ్చి ఉండేది. మరి ఏం చేస్తారు?

ముక్కుసూటి
తప్పంటం లేదు బాబాయ్. మీరు కూడా మాయనే ప్రేమిస్తున్నారని ఒప్పుకోండి అంటున్నా. మొహాలు గీస్తే మాయ, పాచికలు వేస్తే రియలిజమా?

ఫోర్ట్‌వర్త్_బుజ్జి
ఇంకోటి చేర్చండి. గట్టిగా లాగితే 9జీ, అంటే ఒంటి బరువు తొమ్మిది రెట్లయ్యే, దగ్గర తెర అంచుల నుంచి చీకటి కమ్ముతుంది కదా. అది రియలిజమా ప్రెజెంటేషనా? మనం కూర్చున్నది డైనింగ్ టేబుల్ కుర్చీలో. మన రక్తం ఎక్కడికీ పోవడం లేదు. ఒంటికి తెలియాల్సింది కంటికి చూపించారు. నాకైతే గేమ్ మొత్తంలో అన్నిటికన్నా నిజంగా అనిపించేది ఆ అబద్ధమే.

లాంగ్‌ఫైనల్_రాజు
స్టిక్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. అసలు ఎఫ్-16లో స్టిక్ కుడిచేతి పక్కన ఉంటుంది, దాదాపుగా కదలదు. చేతి ఒత్తిడిని కొలుస్తుంది. మొదట్లో అసలు కదలకుండానే చేస్తే పైలట్లకి తేడా తెలియట్లేదని కాస్త కదిలేలా మార్చారు. మనం స్ప్రింగ్ జాయ్‌స్టిక్ పట్టుకుని సాంబారు గరిటె తిప్పినట్టు తిప్పుతూ, రాడార్‌లో ఫలానా మోడ్ సరిగ్గా లేదని కొట్టుకుంటున్నాం.

మోడరేటర్_మావయ్య
జాయ్‌స్టిక్ ఏది కొనాలి అనే చర్చ మొదలెడితే ఇక్కడే ఆపేస్తాను. దానికి వేరే చోటుంది, ఇప్పటికే నలభై పేజీలు అయింది.

గోదారి_గన్నర్
ఐఎల్-2 స్టూర్మోవిక్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 2001ది. అందులో రష్యా పైలట్లు రష్యన్‌లో, జర్మన్లు జర్మన్‌లో మాట్లాడతారు. నాకు రెండూ ఒక్క ముక్క రాదు. అయినా రేడియోలో ఒకడు కేక పెట్టాడంటే వెనకాల ఎవడో తగులుకున్నాడని తెలిసిపోతుంది. పెద్ద ఖర్చు లేకుండా వాతావరణం వచ్చేసింది. రెక్కకి రంధ్రాలు పడితే విమానం ఆ పక్కకి ఒరిగిపోవడం, దాన్ని పట్టుకుని ఇంటికి ఈడ్చుకురావడం, ఇవన్నీ రియలిజమే కదా, కానీ చూస్తుంటే సినిమా. రెండూ ఒకే ఒరలో ఇమడవని ఎవరన్నారు?

బటన్_బాబాయ్
ఐఎల్-2 మంచిదే. కానీ అందులో రాడార్ లేదు, డేటా లింకు లేదు. చూడు, కాల్చు. కంటికి కనిపించే యుద్ధానికి సినిమా సులువు. ఎఫ్-16 యుద్ధం ముప్పై మైళ్ల అవతల రెండు చిన్న గీతల మధ్య జరుగుతుంది. దాన్ని ఏ కెమెరా పెట్టి చూపిస్తావ్?

గోదారి_గన్నర్
ఇది మాత్రం ఆలోచించాల్సిన మాట.

సాయంత్రం_సార్టీ
ఇంకా మాట్లాడితే ఫాల్కన్ రేడియో తక్కువదేం కాదు. గాల్లోంచి రాడార్‌తో కాపు కాసే అవాక్స్ వాడు, టవర్ వాడు, పక్క ఫ్లైట్ల వాళ్లు, నీకు సంబంధం లేని వాళ్లంతా ఒకటే గోల. చాలాసార్లు మన మిషన్ చప్పగా పోతుంటే రేడియోలో ఇంకెవడిదో మిషన్ మండిపోతుంటుంది. అది విన్నప్పుడే నాకు యుద్ధం పెద్దదనీ నేను చిన్నవాణ్ణనీ తెలిసింది. పల్నాటి గారూ, రేడియో శబ్దం తగ్గించి పెట్టుకున్నారా?

పల్నాటి_పైలట్
రాత్రిపూట పిల్లలు లేస్తారని మొత్తం ఆపేశాను.

సాయంత్రం_సార్టీ
ఇంకేం. పెళ్లికి వెళ్లి చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. హెడ్‌సెట్ కొనుక్కోండి సార్.

హకీంపేట_ఫిట్టర్
మా మనవడు ఈ పేజీ చూపించాడు. నేను గేమ్ ఆడను. వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌ని, హకీంపేటలో కిరణ్ శిక్షణ విమానాల మీద చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మావాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. స్విచ్ తర్వాత స్విచ్ వేస్తాడు. స్టార్టర్ వేసి, ఇంజిన్ ఇరవై శాతం తిరిగేదాకా ఆగి, అప్పుడు థ్రోటిల్ ఐడిల్‌కి తోసి, వేడి ముల్లు పైకి లేవడం చూస్తాడు. పద్ధతి బాగానే ఉంది. నేను మెచ్చుకున్నాను.

కానీ బాబూ, విమానాన్ని పైలట్ ఒక్కడూ స్టార్ట్ చేయడు. పైలట్ వచ్చి నిచ్చెన ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూసుకుంటాడు. మేం ఫారం ముందుపెడితే సంతకం చేస్తాడు. బెల్టులు బిగించేది మేము. సీటుకి ఉండే పిన్నులు తీసి, అతని కళ్ల ముందు లెక్కపెట్టి చూపించేది మేము. అతను తల ఊపితేనే నిచ్చెన దిగుతాం. కింద నిలబడి వేళ్లతో సైగ చేస్తే అతను స్టార్ట్ బటన్ నొక్కుతాడు. ఇంజిన్ మొదలయ్యాక మాటలుండవు, చేతులే. మే నెలలో ఆ టార్మాక్ మీద బూటు అడుగు అంటుకునేది, కిరోసిన్ వాసన అన్నంలో కూడా వచ్చేది. మీరంతా రియలిజం అని స్విచ్‌లు లెక్కపెడుతుంటే నాకు నవ్వొచ్చింది. నేను చేసిన ఉద్యోగంలో స్విచ్‌లు పదో వంతు. మిగతాది ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూసి సరేనా అనుకోవడం.

పల్నాటి_పైలట్
ఫిట్టర్ గారూ, నేను మూడు రోజుల నుంచి చెప్పలేక కొట్టుకుంటున్నది ఇదే.

బటన్_బాబాయ్
ఫిట్టర్ గారికి నమస్కారం పెట్టి ఒక్క మాట. ఎఫ్-16లో ఆ స్టార్టర్ నూనె ఒత్తిడితో తిరగడం మొదలెడుతుంది. స్టార్ట్ తప్పి ఆ ఒత్తిడి అయిపోతే, కింద ఉన్నాయన చేతి పంపు కొట్టి మళ్లీ నింపాలి. నేను ఇది చదివిన రోజున, మొదటిసారి స్విచ్ జాగ్రత్తగా వేశాను. ఎవరికో చేయి నొప్పి పుడుతుందని. అంటే స్విచ్‌లో కూడా మనిషి ఉన్నాడండీ, వెతుక్కోవాలి.

హకీంపేట_ఫిట్టర్
పంపు కొట్టినవాడికే తెలుస్తుంది లెండి. కానీ ఆ మాట అన్నందుకు సంతోషం.

ముక్కుసూటి
బాబాయ్ ఏడిపించేలా ఉన్నాడు ఈ రోజు.

తేజ్‌పూర్_వారబ్బాయి
నాది వేరే బాధ. మా నాన్న తేజ్‌పూర్‌లో మిగ్-21ల మీద పనిచేశారు. నేను పుట్టి పెరిగింది ఆ శబ్దంలోనే. ఫాల్కన్‌లో ఉత్తర కొరియా వాళ్ల మిగ్-21 రాడార్‌లో కనిపిస్తే చటుక్కున కూల్చేయాలి కదా, నాకు వేలు ఒక క్షణం ఆగుతుంది. మొన్న 2025 సెప్టెంబర్‌లో మన వాళ్లు మిగ్-21ని సెలవిచ్చి పంపించాక ఇంకా ఎక్కువైంది. గేమ్‌లో అది ఒట్టి ఎర్ర త్రికోణం. మొహం లేకపోయినా నాకు మాత్రం కనిపిస్తుంది. ఈ ఆగడాన్ని ఏ సెట్టింగ్ కింద రాయాలి, రియలిజమా ప్రెజెంటేషనా?

గోదారి_గన్నర్
నాస్టాల్జియా కింద రాసి మిసైల్ వదులు అన్నా, లేకపోతే వాడు వదుల్తాడు.

ఫోర్ట్‌వర్త్_బుజ్జి
మిగ్ సంగతి వచ్చింది కాబట్టి, మా ఊరు ఫోర్ట్‌వర్త్‌లో ఎఫ్-16లు తయారుచేయడం 2017లో ఆపేశారు, ఆ లైను గ్రీన్‌విల్‌కి వెళ్లింది. ఇప్పుడిక్కడ ఎఫ్-35లు. కానీ ఎఫ్-16 రెక్కలు మన ఆదిభట్లలో తయారుచేస్తున్నారని తెలుసా? మా నాన్నకి ఫోన్‌లో చెప్తే, నువ్వు అమెరికా వెళ్లావు, రెక్కలేమో ఇబ్రహీంపట్నం రోడ్డుకొచ్చాయి, ఏం సాధించావురా అన్నారు.

లాంగ్‌ఫైనల్_రాజు
అయితే నేను 9జీ లాగినప్పుడల్లా రెక్క విరగకపోవడం మన రంగారెడ్డి జిల్లా చలవే.

చిట్టిబాబు_486
1998 గేమ్‌లోని రెక్కకి ఆదిభట్ల ఎక్కడ రాజుగారూ. అది ఇంకా పొలం అప్పటికి.

ఆరుగంటల_సుజాత
పల్నాటి గారికి పనికొచ్చేది ఎవరైనా చెప్తారా? ఇట్లా అయితే ఆయన గేమ్ తీసేస్తారు. నేను చెప్తాను. ఒకటి, ప్రతిసారీ విమానం ఇంజిన్ ఆపి చల్లగా ఉన్న దగ్గర్నుంచి మొదలెట్టొద్దు. మిషన్‌లోకి వెళ్లేటప్పుడు టాక్సీ అనో టేకాఫ్ అనో ఎంచుకోవచ్చు. దారి చూపే ఆ ఐఎన్ఎస్ పరికరం సర్దుకోవడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, ఆదివారం తప్ప ఎవరికుంది తీరిక.

ముక్కుసూటి
ఆ ఎనిమిది నిమిషాల్లో నేను ఉప్మా చేసుకుంటాను. జీడిపప్పు వేయించే టైం మాత్రం చాలదు.

ఆరుగంటల_సుజాత
😄 రెండు, ఎగిరే ముందు మ్యాప్ మీద మీ దారి పక్కన సామ్‌లు, అంటే నేల మీంచి వదిలే క్షిపణులు, ఎక్కడున్నాయో చూసుకుని ఒక కాగితం మీద రాసుకోండి. తెర మీద 2 వస్తే అది ఎవరో మీకు ముందే తెలిసి ఉంటుంది. పరిచయం ఉన్నవాడు తలుపు కొట్టినట్టుంటుంది. మూడు, ఎగిరే ముందు ఒకసారి, దిగాక ఒకసారి మ్యాప్ చూడండి. ఏం కదిలిందో చూడండి.

బటన్_బాబాయ్
నాలుగు, మాన్యువల్.

మోడరేటర్_మావయ్య
బాబాయ్.

పల్నాటి_పైలట్
(ఐదు రోజుల తర్వాత)
రిపోర్టు ఇచ్చుకుంటున్నాను. హెడ్‌సెట్ కొన్నాను. కాగితం రాసుకున్నాను. ఇంకో పిచ్చి పని కూడా చేశాను, నవ్వకండి. ఒక నోటుబుక్ తీసుకుని నా స్క్వాడ్రన్‌లో ఉన్నవాళ్లకి పేర్లు పెట్టుకున్నాను. నా నంబర్ టూకి మా పెదనాన్నగారి అబ్బాయి పేరు పెట్టాను, స్ట్రైక్ కమాండర్ ఆడనిచ్చినవాడు కదా. స్వతహాగా తొందర మనిషి, గేమ్‌లో కూడా అలాగే ఉన్నాడు.

నిన్న రాత్రి ఒక ఎయిర్‌బేస్ మీదకి మిషన్. పోతుండగా కాగితంలో రాసుకున్న చోటే 2 వచ్చింది. ఈసారి గుర్తుపట్టాను. కీచు మోగగానే రాడార్‌ని మోసం చేసే చాఫ్ రేకులు వదిలి, దాన్ని పక్కకి తీసుకుని కిందికి దూకాను. అది పైనుంచి వెళ్లిపోయింది. చూశాను. మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అప్పుడే రేడియోలో నా నంబర్ టూ ఏదో అన్నాడు, సగం మాట దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు పిలిచాను. జవాబు లేదు.

దిగాక స్క్వాడ్రన్ పట్టికలో విమానాల సంఖ్య ఒకటి తగ్గి ఉంది. అదే కరెంటు బిల్లు. ఇప్పటికీ అంటాను, అక్కడ ఒక మొహం ఉంటే గేమ్‌కి ఏమీ తక్కువయ్యేది కాదు. ఆ పని నేను నోటుబుక్కుతో చేసుకోవాల్సి వచ్చింది. కానీ పొద్దున్నే మా అన్నకి ఫోన్ చేశాను. ఊరికే. రెండేళ్లయింది మాట్లాడి.

తేజ్‌పూర్_వారబ్బాయి
ఏమన్నారు?

పల్నాటి_పైలట్
డబ్బేమైనా కావాలా అన్నాడు.

ముక్కుసూటి
వింగ్‌మన్ అంటే అట్లా ఉండాలి.

బటన్_బాబాయ్
అదంతా సరే, ల్యాండింగ్ ఎలా అయింది చెప్పలేదు.

పల్నాటి_పైలట్
అది అడగరనుకున్నాను. చక్రాలు తగిలాక ముక్కు పైకి పట్టుకుని వేగం తగ్గించాలి అన్నారు కదా. పట్టుకున్నాను. కొంచెం ఎక్కువ పట్టుకున్నాను. వెనక నుంచి గరగరమని శబ్దం వచ్చింది.

బటన్_బాబాయ్
పదమూడు డిగ్రీలు తమ్ముడూ, పదమూడు! పదిహేను దాటితే తోక నేలని గీకుతుంది. ముక్కు అలా పట్టి, వేగం వంద నాట్ల కిందికి వచ్చాక మెల్లగా దించాలి. మాన్యువల్లో ఉంది.

గోదారి_గన్నర్
నేను మొదటి పది ల్యాండింగుల్లో రన్‌వేకి దుక్కి దున్నాను, మీరు నయం.

హకీంపేట_ఫిట్టర్
తోక గీకిన విమానం లైను మీదకొచ్చిందంటే ఆ రాత్రి మాకు ఇంటికెళ్లడం ఉండదు. పైలట్ గారు మాత్రం చక్కగా మెస్‌కి వెళ్లి భోంచేసేవాడు. పొద్దున వచ్చి, ఏమయ్యా రెడీ అయిందా అనేవాడు. అది కూడా పెట్టారేమో చూడండి మీ గేమ్‌లో.